పెన్ను గొట్టాలకు అయిదు నిమిషాల ఎపాక్సీ: మూడేళ్లు వాడాక

ఇత్తడి గొట్టం సగం దూరి బిగుసుకుపోయిన బ్లాంక్‌ను (లేతు మీద పెన్నుగా చెక్కడానికి రంధ్రం తొలిచిన కర్ర లేదా యాక్రిలిక్ ముక్క) ఒక్కసారి పట్టుకున్నవాళ్లకి సూపర్ గ్లూ మీద నాకెందుకంత కసో వేరే చెప్పక్కర్లేదు. ఆ కసితోనే రెండు ట్యూబుల (రెజిన్, హార్డెనర్) సరుకు కలిపి వాడే ఎపాక్సీ జిగురుకి మారాను. నేను చేసేవి ఎక్కువగా స్లిమ్‌లైన్ కిట్లు (సన్నటి పెన్నుకి కావలసిన రెడీమేడ్ లోహపు భాగాలు), 7 మి.మీ. గొట్టాలు. కింద రాసిందంతా ఆ సైజు గురించే.

సూపర్ గ్లూతో పేచీ బలం దగ్గర కాదు, తొందర దగ్గర. అది తేమ తగిలితే గట్టిపడే సరుకు. కర్రలో ఎంతో కొంత తేమ ఉండనే ఉంటుంది. గొట్టానికీ రంధ్రానికీ మధ్య పొర మరీ పలచన కాబట్టి ఇంకా త్వరగా పట్టేస్తుంది. తోస్తూ క్షణం ఆగితే చాలు, అక్కడే ఆగిపోతుంది. పటకారుతో లాగితే గొట్టం నొక్కుకుపోతుంది తప్ప రాదు. పొడుచుకొచ్చిన ముక్కను సన్నపళ్ల రంపంతో బ్లాంక్ అంచుకి సమంగా కోసి, కోసిన అంచుల గరుకును ఆకురాయితో తీసేసి, ఆ ముక్కనే రెండో వైపు నుంచి అతికించాలి. కిట్ భాగాలు బిగిసేది చివర్లలో కాబట్టి మధ్యలో అతుకున్నా పెన్ను నడుస్తుంది.

ఎపాక్సీతో ఆ భయం లేదు. కలిపాక మూడు నిమిషాలు మన చేతిలో ఉంటాయి. చీపురు పుల్లతో రంధ్రం లోపల పూసి, గొట్టానికీ పూసి, తిప్పుతూ సగం తోసి, వెనక్కి లాగి, మళ్లీ తిప్పుతూ తోయొచ్చు. నాకు ఇది నచ్చిందే ఈ వెనక్కి లాగే వీలు కోసం. ఒకే తోపులో పంపితే రంధ్రం అంచు జిగురంతా గీకి బయటే వదిలేస్తుంది. లోపల ఖాళీలు మిగులుతాయి, ఉలి ఆ చోటికి రాగానే బ్లాంక్ పెచ్చు ఎగురుతుంది.

గొట్టాన్ని 150 నంబరు ఎమరీతో మెరుపు పోయేదాకా అడ్డదిడ్డంగా గీకి, స్పిరిట్‌తో తుడిచాక వేలు తగలనివ్వకండి. చివరను బంగాళాదుంప చక్రంలో గుచ్చితే బిరడా పడుతుంది, జిగురు లోపలికి పోదు. పెన్ను మొత్తానికి ఒక్కో ట్యూబు నుంచి బఠాణీ గింజంత చాలు, రెండూ సమానంగా. హార్డెనర్ ఎక్కువేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు, రబ్బరులా మిగిలిపోతుంది.

మూడు నిమిషాలన్నానా, అది చల్లటి పూట లెక్క. మే నెల మధ్యాహ్నం షెడ్డులో ఒకటిన్నర నిమిషం దక్కితే గొప్ప. కుప్పగా కలిపితే దాని వేడికి అదే ఇంకా త్వరగా బిగుస్తుంది, పింగాణీ పెంకు మీద పలచగా పరిచి కలపాలి.

అసలు దెబ్బ యాక్రిలిక్ బ్లాంక్ దగ్గర తగిలింది. ఉలి పని అయిపోయింది, ఎమరీ పట్టిస్తుంటే మాండ్రెల్ (బ్లాంక్‌ను గుచ్చి లేతులో తిప్పే కడ్డీ) తిరుగుతూనే ఉంది, బ్లాంక్ మాత్రం ఆగింది. గొట్టం లోపల ఊడింది. పొడిగా, వేగంగా రుద్దడంతో పుట్టిన వేడి యాక్రిలిక్‌లోంచి త్వరగా బయటికి పోదు, గొట్టం దాకా చేరుతుంది. అయిదు నిమిషాల రకం ఎపాక్సీ చెయ్యి కాలే వేడికే మెత్తబడుతుంది. పైగా అతికించి గంటే అయింది. డబ్బా మీది అయిదు నిమిషాలు బిగుసుకునే గడువు మాత్రమే, పూర్తి బలానికి 24 గంటలు కావాలి. గోరు దిగకపోయినా అంతకుముందు ట్రిమ్మర్ (బ్లాంక్ చివర్లను గొట్టానికి సమంగా చెక్కే పనిముట్టు) పెట్టకూడదు. ఆ తర్వాత కూడా నీళ్లతో తడిపే రుద్దాలి, వెచ్చబడితే ఆపాలి. అన్నట్టు, ఆ బ్లాంక్‌ను కాపాడింది నేను తిట్టిన సూపర్ గ్లూనే. బాగా పలచనిది రెండు చివర్లా చుక్కలు వేస్తే సందులోకి తనే పాకింది.

రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులకు ఈ పీడే లేదు. అక్కడ కడ్డీనే తొలిచి మరలు కోస్తారు. కిట్ పెన్నులకు ఆ అదృష్టం లేదు.

నెలకు నాలుగైదు పెన్నులు, అవీ ఎక్కువగా కర్రవి, రాత్రి అతికించి మర్నాటి రాత్రి లేతు ఎక్కించే నాకు ఇది సరిపోయింది. రోజుకు పది చేసి అమ్మేవాళ్లు ఒక రోజంతా ఆగలేరు. వాళ్లకి చిక్కటి సూపర్ గ్లూయే నయమేమో, గొట్టం తన బరువుకే జారేంత వదులుగా రంధ్రం ఉంటే.