ఫ్యూకోయిడాన్ మేలా, ఆల్జినేట్ మేలా?

షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు నెలల తరబడి మానకపోవడానికి ఒక పెద్ద కారణం, అక్కడికి రక్తం సరిగా అందకపోవడం. అందుకే దెబ్బతిన్న చోట సన్నటి రక్తనాళాలు మళ్లీ పుట్టేలా చేయాలని శాస్త్రవేత్తల తాపత్రయం. ఆ పనికి గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే రెండు పదార్థాలు, ఆల్జినేట్, ఫ్యూకోయిడాన్, పోటీలో ఉన్నాయి. విశాఖ రాళ్ల మీద పెరిగే సర్గాసమ్ నాచులో రెండూ ఉంటాయి.

ఆల్జినేట్ పాత కాపు. 1881లో స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త దీన్ని బయటికి తీశాడు. పళ్ల డాక్టరు నోట్లో అచ్చు తీసే ముద్ద కూడా ఇదే. కాల్షియం తగిలితే జెల్ అవుతుంది. డ్రెస్సింగ్‌గా పెడితే పుండు రసిని పీల్చుకుంటుంది. నాళాలను మాత్రం తనంతట తాను పుట్టించదు, కణాలు దానికి సరిగా అంటుకోవు కూడా. దాని గొప్పంతా మోతగాడిగానే. నాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రోటీన్ నేరుగా ఇస్తే ఎక్కువసేపు నిలవదు, మోతాదు మించితే కారిపోయే నాళాలు తయారవుతాయి. ఆల్జినేట్ జెల్‌లో దాచిపెడితే కొద్దికొద్దిగా, రోజుల తరబడి వదులుతుంది.

ఫ్యూకోయిడాన్ సంగతి వేరు. 1913లో స్వీడన్‌లో కైలిన్ గుర్తించిన ఈ పదార్థం సల్ఫేట్ నిండిన చక్కెర గొలుసు, గుణంలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందుకు చుట్టం. పెరుగుదల ప్రోటీన్లను పట్టుకుని కణాలకు అందిస్తుంది. కాలికి రక్తం ఆపిన ఎలుకలకు చిన్న అణువుల రకం ఇస్తే కొత్త నాళాలు పెరిగాయి. తంటా ఏమిటంటే, పెద్ద అణువులుండి సల్ఫేట్ ఎక్కువైన రకాలు చాలా ప్రయోగాల్లో నాళాలను పెరగనివ్వలేదు. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే కొత్త నాళాలు కావాలి కాబట్టి, క్యాన్సర్ పరిశోధకులకు దీనిమీద ఆసక్తి అందుకే! పేరు ఒకటే, పని తలకిందులు. ఏ నాచు, ఎప్పుడు కోశారు, ఎలా తీశారు అన్నదాన్ని బట్టి సరుకే మారిపోతుంది. అందుకే ఆన్‌లైన్‌లో అమ్మే క్యాప్సూల్ కొని పుండు మానుతుందనుకోవడం నాకు జూదంలా అనిపిస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లయితే డాక్టరును అడక్కుండా దాని జోలికి పోవద్దు.

నన్నడిగితే ఇవాళ్టికి ఆల్జినేటే. అదీ రసి కారే పుండుకే, పొడి పుండుకు పెడితే అతుక్కుపోతుంది. మిగతా డ్రెస్సింగ్‌ల కంటే త్వరగా మానుస్తుందని మాత్రం రుజువు కాలేదు. నాళాలు పుట్టించే సత్తా ఫ్యూకోయిడాన్‌దే, కానీ అణువు సైజు పక్కాగా తేల్చి తయారుచేసినప్పుడే దాన్ని నమ్ముతాను. రెండింటినీ కలిపి జెల్ చేసే ప్రయత్నాలూ ఉన్నాయి, నా ఆశ వాటి మీదే. పై తొడలో పెద్ద ధమని మూసుకుపోయి ఉంటే మాత్రం ఏ నాచూ పనికిరాదు, ముందు వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరు) దగ్గరికి వెళ్లాలి.