ఆర్నెల్లు వాడాక చెబుతున్నా: డాబా మీద వేలాడదీసిన చెక్క రింగ్స్

పుల్లప్స్ కోసమైతే ఈ జిమ్నాస్టిక్స్ రింగ్స్ జోలికి రానక్కర్లేదు, గుమ్మానికి బిగించే బార్ సరిపోతుంది. నేను కొన్నది స్ట్రెయిట్ ఆర్మ్ స్ట్రెంత్ కోసం, అంటే మోచెయ్యి అస్సలు వంచకుండా ఒంటి బరువంతా భుజాలతో మొయ్యడం. ప్లాంచ్ (చేతుల మీదే ఒళ్ళంతా నేలకి సమాంతరంగా నిలపడం), ఫ్రంట్ లీవర్ (వేలాడుతూ వెల్లకిలా ఒళ్ళు అడ్డంగా నిలపడం), ఐరన్ క్రాస్ (రింగ్స్ మీద చేతులు రెండు పక్కలకీ చాపి శిలువలా ఆగడం) అన్నిటికీ పునాది ఇదే.

జత 1800 పడింది. 28 మిల్లీమీటర్ల మందం, పోటీల్లో వాడేవీ ఇదే మందం. 32 కూడా దొరుకుతుంది గానీ నా చేతికి లావైపోయింది. అంతకుముందు ప్లాస్టిక్‌వి ఉండేవి, మాది విజయవాడ, రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా చేతులు చెమటతో కారిపోతుంటాయి, పట్టు జారుతుందని భయమేస్తే మోచెయ్యి దానంతటదే వంగిపోతుంది, ఇక అక్కడితో ఎక్సర్‌సైజే మారిపోయినట్టు. చెక్క మాత్రం చెమట పీల్చుకుంటుంది, కొంచెం చాక్ (పట్టు కోసం చేతులకి రాసుకునే తెల్ల పొడి) రాస్తే చాలు, చెయ్యి అతుక్కుని ఉంటుంది.

వీటి మీద నేను ఎక్కువగా చేసేది సపోర్ట్ హోల్డ్. రింగ్స్ నడుం ఎత్తులో పెట్టి, పైకి లేచి, చేతులు తిన్నగా లాక్ చేసి, భుజాలు చెవుల దగ్గరికి రాకుండా కిందికి నొక్కి అలా ఆగడం, అంతే. చూడ్డానికి ఏమీ ఉండదు. మొదటి రోజు 4 సెకన్లకే రెండు రింగ్సూ గజగజా వణికాయి. అది కుదిరాక రింగ్స్‌ని బయటికి తిప్పాలి, మోచేతి లోపలి మడత ముందుకి కనిపించేదాకా. అసలు కష్టం అక్కడుంది. నాకైతే చేతులు తిన్నగానే ఉన్నాయనిపించేది, మా తమ్ముడు పక్కనుంచి ఫోన్లో వీడియో తీసి "అన్నా, ఎడం మోచెయ్యి వంగుతోంది చూడు" అని చూపించేదాకా నమ్మలేదు. నేల మీద ప్లాంచ్ లీన్ (పుషప్ పొజిషన్లో భుజాలు ముందుకి వాల్చి ఆగడం) చేసినన్నాళ్ళూ ఆ తేడా నాకు తెలియనే లేదు, రింగ్స్ మీద మాత్రం కొంచెం వంచినా ఆ పక్క రింగ్ పక్కకి పారిపోతుంది. 1956, 1960 ఒలింపిక్స్ రెండింట్లోనూ రింగ్స్ గోల్డ్ కొట్టిన ఆల్బర్ట్ అజర్యాన్ క్రాస్ వీడియో ఒకసారి చూడండి, ఆ చేతులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి.

ఇప్పుడు బయటికి తిప్పి 20 సెకన్లు ఆగగలుగుతున్నా. మధ్యలో ఒక తప్పు చేశా, రెండో నెలలోనే జర్మన్ హ్యాంగ్‌లో (చేతులు వీపు వెనక్కి పోయేలా రింగ్స్‌కి వేలాడడం) పూర్తి బరువు వదిలేశా, మోచేతి మడతలో బైసెప్స్ టెండన్ (కండని ఎముకకి కలిపే పట్టీ) పట్టేసింది, మూడు వారాలు బకెట్ ఎత్తాలన్నా నొప్పే. చెయ్యి తిన్నగా ఉన్నప్పుడు బైసెప్ సాగిపోయి ఉండగానే బరువు లాగాలి, ఆ భారమంతా టెండన్ మీద పడుతుంది, కండ పెరిగినంత త్వరగా టెండన్ గట్టిపడదు. అందుకే కాళ్ళు నేలకి ఆనించి మొదలుపెట్టండి, దయచేసి, వారానికి మూడు రోజులకి మించొద్దు, రోజూ చేస్తే త్వరగా వస్తుందనుకోకండి.

ఇక నాకు నచ్చనిది రింగ్స్‌ని వేలాడదీసే స్ట్రాప్. దాని మీద నంబర్లు లేవు. రెండు రింగ్స్ ఒకే ఎత్తులో పెట్టడానికి ప్రతిసారీ పది నిమిషాలు పోయేది, ఒక అంగుళం తేడా ఉన్నా ఒక భుజం మీదే బరువు పడుతుంది. చివరికి టైలర్ టేపుతో కొలిచి ప్రతి 10 సెంటీమీటర్లకీ మార్కర్‌తో గీత పెట్టుకున్నా, ఇప్పుడు నిమిషంలో అయిపోతుంది. బకిల్ ఇంతవరకు ఒక్కసారి కూడా జారలేదు గానీ దాని పళ్ళు పట్టే చోట స్ట్రాప్ అంచు దారాలు లేస్తున్నాయి, ఎక్కే ముందు రోజూ అక్కడ వేలితో తడిమి చూసుకుంటా.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, తగ్గించిన ఒక్కటీ ఆ స్ట్రాప్‌కే. కొనేవాళ్ళు నంబర్లున్న స్ట్రాప్‌తో వచ్చే సెట్ ఉందేమో ముందు చూసుకోండి, రెండు మూడొందలు ఎక్కువైనా పర్లేదు. వాన మబ్బు పడితే మాత్రం వెంటనే విప్పి లోపల పెట్టేయండి, ఒకసారి తడిస్తే చెక్క గరుకెక్కి అరచెయ్యి గీసుకుపోయింది, సన్న ఇసుక కాగితంతో రుద్దాక గానీ మళ్ళీ నున్నగా రాలేదు.