మిద్దెతోట గ్రూపులో టాపిక్స్: రెండేళ్లు వాడాక

బెండాకు ఫొటో పెట్టి "ఈనెలు పసుపెక్కుతున్నాయండి, ఏం చెయ్యాలి?" అని అడిగితే మా మిద్దెతోట గ్రూపులో ఇదివరకు జవాబుకి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. తెలిసినవాళ్లు లేక కాదు. ఆ ఫొటో మీద నలభై శుభోదయాలు, సంక్రాంతి రోజులైతే కోడిపందేల వీడియోలు వచ్చి పడేవి. ఈలోగా తెల్లదోమ ఆ పల్లాకు తెగులుని పక్క కుండీలకి మోసేసేది.

2022 నవంబరులో టెలిగ్రామ్‌లో టాపిక్స్ వచ్చాయి, అంటే ఒకే గ్రూపుని విషయాల వారీగా విడివిడి భాగాలు చేసుకునే వీలు. మొదట్లో 200 మంది దాటిన గ్రూపులకే ఇచ్చారు. మేం 230 మందిమి, అమలాపురం నుంచి తణుకు దాకా ఉన్నాం. పండగ వెళ్లగానే మారిపోయాం. విత్తనాలు, పురుగు–తెగులు, మట్టి–ఎరువులు, కడియం నర్సరీలు, కబుర్లు అని ఐదు గదులు పెట్టుకున్నాం. టాపిక్ అనకుండా గది అనే అంటాం.

నాకు దీనిమీద ఇంత ఇష్టం ఎందుకంటే, పెద్దవాళ్లని నొప్పించే పని తప్పింది. అడ్మిన్‌గా నాకు అన్నిటికన్నా కష్టమైన మాట "బాబాయిగారూ, ఇక్కడ మొక్కల సంగతులే పెట్టండి" అనడం. అలా అన్నందుకు ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. అందులో ఒకాయనకి కొబ్బరి మీద నలభై ఏళ్ల అనుభవం ఉంది, ఆ నష్టం మాదే. గదులు వచ్చాక "బాబాయిగారూ, కబుర్లలో వెయ్యండి, అక్కడ అందరూ చూస్తారు" అంటే సరిపోతోంది. వద్దనడం వేరు, చోటు చూపించడం వేరు.

అయితే "అందరూ చూస్తారు" అన్న ఆ మాట నిజం కాదని తర్వాత తెలిసింది.

రావులపాలెం నుంచి ఒక చెల్లెమ్మ కొత్తగా చేరింది. కుండీలో పెంచుకుంటున్న జామ ఆకు ఫొటో కబుర్లలో పెట్టింది. ఎక్కడ అడగాలో తెలియక, తప్పు చోట పెడితే ఎవరైనా ఏమన్నా అంటారేమోనని అక్కడ పెట్టిందట. మేమంతా, ముగ్గురు అడ్మిన్లతో సహా, ఆ గదిని మ్యూట్ చేసి కూర్చున్నాం. రోజుల తరబడి ఒక్కరం చూడలేదు. చివరికి కబుర్లలో శుభోదయాలు పెట్టే బాబాయిగారే నాకు ఫోన్ చేశారు: "అమ్మాయ్, ఎవరో పిల్ల పాపం రోజూ అడుగుతోంది. నాకు తెలీదు, నువ్వొకసారి చూడు."

తెరిచి చూద్దును కదా, మొదటి ఫొటోలో ఆకు వెనక సుడులు తిరిగిన రెండు మైనపు గీతలే. సర్పిలాకార తెల్లదోమ గుడ్లు పెట్టిన గుర్తు. మన కొబ్బరితోటల్ని పట్టి పీడిస్తున్నది ఇదే. చివరి ఫొటోకి వచ్చేసరికి ఆకు అడుగంతా సున్నం కొట్టినట్టుంది. పురుగు విసర్జించే జిగురు కింద ఆకుల మీద కారి, నల్లగా మసి పట్టింది. మొదటి రోజే చూసుంటే ఆ రెండాకులూ తుంచి పారేస్తే పోయేది. ఇప్పుడు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె సబ్బునీళ్లతో కలిపి వారం వారం పిచికారీ చెయ్యమన్నాం. ఘాటు మందులు మాత్రం వద్దన్నాం, ఈ దోమని అదుపులో పెట్టే బుల్లి పరాన్నజీవి కూడా వాటితో చచ్చిపోతుంది. జామ బతికింది. పక్కనున్న సీతాఫలం మొక్క మాత్రం పోయింది. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇంకా బాధ.

కాబట్టి మొదట్లో నేను అందరికీ చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పను. కడియం గది మాత్రం ఇప్పటికీ బంగారమే. కడియపులంకకి బయల్దేరే ముందు ఏ అంటు ఎంతకి దొరికిందో ఏడాది వెనక్కి వెళ్లి చూసుకుంటాను. మట్టి గదిలో జీవామృతం (ఆవుపేడ, బెల్లం లాంటివి కలిపి చేసే ద్రవ ఎరువు) కొలతలు పైన పిన్ చేసి ఉంటాయి, మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు లేరు. కానీ నాకు మధ్యాహ్నాలు ఖాళీ కాబట్టి ఐదు గదులూ తిరిగి చూడగలుగుతున్నాను. ఉద్యోగాల మీద ఉన్న అడ్మిన్లకి ఇంత కుదురుతుందో లేదో. ముప్పై మంది ఉన్న గ్రూపైతే నేనే వద్దంటాను.

కబుర్ల గదికి ఇప్పుడు బాబాయిగారే కాపలా. మొక్క ఫొటో కనిపిస్తే చాలు, పురుగు–తెగులు గదికి ఫార్వర్డ్ చేసి, అడిగినవాళ్లకి "అమ్మా, అక్కడ చూడు" అని రాస్తారు.