ఏ బండెక్కితే ఇల్లు కూడా దక్కుతుంది? ఎర్రగుంట్ల, తాడిపత్రి, కర్నూలు లారీ ఉద్యోగాల బేరీజు

"జీతమెంత?" అన్నది రెండో ప్రశ్న. లారీ తోలే పనికి పోయేవాళ్ళు ముందు అడగాల్సింది "హాల్టింగ్ బత్తా, అంటే లోడు కోసం ఆగిన సమయానికిచ్చే డబ్బు ఉందా, ఉంటే ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది?" అని. మన సీమ జిల్లాల్లో డ్రైవర్ డబ్బు పోయేదీ, ఇంటి రాత్రులు పోయేదీ రోడ్డు మీద కాదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర.

లెక్క వేసి చూడండి. ట్రిప్పుకు 900 రూపాయలన్నారనుకుందాం. ఆగకుండా సాగితే 12 గంటల్లో ముగుస్తుంది, గంటకు 75 పడినట్టు. లోడింగ్ టోకెన్ రాక మరో 18 గంటలు లైన్లో నిలబడితే అదే 900 ముప్పై గంటలకు పంచుకోవాలి. గంటకు 30. పైగా ఒక రాత్రి క్యాబిన్లోనే తెల్లారుతుంది. ఆ రాత్రికి తిండి ఖర్చు కూడా డ్రైవర్‌దే. అందుకే నెల జీతాల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. చేతికొచ్చే మొత్తాన్ని ఇల్లు వదిలిన గంటలతో భాగించాలి.

ఈ కొలతతో చూస్తే అన్నిటికన్నా మెరుగ్గా కనిపించేది ఎర్రగుంట్ల చుట్టూ తిరిగే బూడిద బల్కర్, అంటే పొడి సరుకు మోసే ట్యాంకు లారీ. కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ ప్లాంట్ 1,650 మెగావాట్లది. అక్కడి బూడిద చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది. ఎక్కువ ట్రిప్పులు ఒక్క రోజులో తిరిగొచ్చే దూరమే కాబట్టి ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, ముద్దనూరు వాళ్ళు రాత్రికి ఇల్లు చేరొచ్చు. పని మాత్రం నేర్చుకోవాలి. బల్కర్ ఖాళీ చేయడమంటే కంప్రెసర్ గాలితో బూడిదను పైపులోంచి సైలోలోకి, అంటే ఫ్యాక్టరీ నిల్వ గోపురంలోకి తోయడం. ప్రెషర్ సాధారణంగా 2 బార్ దాటకూడదు. గేజి పనిచేయకపోయినా, సేఫ్టీ వాల్వ్‌ను కట్టేసి ఉంచినా ఆ బండి ఎక్కకండి. ట్యాంకు అడుగున గాలి వచ్చే కాన్వాస్ గుడ్డ చిరిగితే, బూడిదకు తేమ తగిలితే అడుగున గడ్డ కడుతుంది, గంటలో కావాల్సిన అన్‌లోడింగ్ మూడు గంటలవుతుంది. కాన్వాస్ ఎప్పుడు మార్చారో ఓనర్‌ను ముందే అడగడం అందుకే. ఈ పనికి ఒక బలహీనత ఉంది: కరెంటుకు గిరాకీ తగ్గి యూనిట్లు ఆగితే బూడిద రాదు, ట్రిప్పులూ రావు. కనీస జీతం లేకుండా ట్రిప్పు మీదే ఒప్పుకున్నవాళ్ళకు ఆ వారాలు గడవడం కష్టం. కనీస జీతం రాసిస్తే ఐదుకు నాలుగు మార్కులు, లేకపోతే రెండున్నర.

సిమెంటు బస్తాల లోడు అందరికీ తెలిసిన పనే, తాడిపత్రి నుంచి ఎర్రగుంట్ల దాకా ఎక్కడైనా దొరుకుతుంది. నెలాఖరులో డిస్పాచ్ జోరుగా ఉంటుంది, వచ్చే నెల మొదటి వారం చప్పబడుతుంది. కాబట్టి ఒక్క వారం రాబడి చూసి నెలంతా అంతేననుకోకూడదు. పగిలిన బస్తా, తడిసిన బస్తా ఎవరి ఖాతాలో పడుతుందో ముందే తేల్చుకోవాలి. లోడు మీద కప్పే పట్టా చిరుగులు లోడింగ్‌కు ముందే ఫోటో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపితే తర్వాత వాదన ఉండదు. డీలర్ దగ్గర హమాలీ ఖర్చు డ్రైవర్ చేతిలోంచి పెట్టించి "తర్వాత ఇస్తాం" అనే చోట పని చేయకపోవడమే మేలు.

ఓవర్‌లోడ్ సంగతి ఇంకా సూటిగా మాట్లాడాలి. 2018 నుంచి పది టైర్ల బండికి సరుకుతో కలిపి 28.5 టన్నులు పరిమితి. దాటితే 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. మూడు టన్నులు ఎక్కువ వేస్తే 26,000. "ఫైన్ పడితే చూసుకుందాం" అన్న మాట మీద స్టీరింగ్ పట్టుకోవద్దు. కాటా చీటీ ఫోటో ప్రతి ట్రిప్పుకూ దగ్గర పెట్టుకోవాలి.

కర్నూలు వాళ్ళకు పార్శిల్ లైన్ బండి ఉంది. హైదరాబాద్ దాదాపు 215 కిలోమీటర్లు, 44వ నంబరు హైవే. రాత్రి పోయి మర్నాడు రాత్రి తిరిగొచ్చే బండైతే రెండు రాత్రులకొక పగలు ఇంట్లో దొరుకుతుంది. నెల జీతం పద్ధతి కాబట్టి రాబడిలో ఎగుడుదిగుళ్ళు తక్కువ. కానీ పగటి నిద్ర పట్టని మనిషికి ఇది ప్రాణాంతకం, తెల్లవారు మూడు నుంచి ఐదు మధ్య కునుకు ఎవరినీ వదలదు. సరుకు దించే పని కూడా డ్రైవర్‌తో చేయించే చోట విశ్రాంతి మిగలదు, ఆ సంగతి ముందే అడగండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే ఐదు గంటల పనికి అరగంట విరామం ఇవ్వాలని రాసింది.

అనంతపురం బత్తాయి, పులివెందుల అరటి ఎత్తుకుని ఢిల్లీ పోయే బండ్లలో డబ్బు ఎక్కువే. పండు పాడవకముందే చేరాలి కాబట్టి ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి. ఒక్కడితో పంపే బండి వద్దే వద్దు. తిరుగు లోడు కోసం అక్కడ ఎన్ని రోజులు ఆగాలో ఎవరూ చెప్పలేరు. అప్పు తీర్చడానికి ఆరు నెలలు చేయొచ్చు, చిన్నపిల్లలున్న ఇంటికి సరిపడే పని కాదు.

గుంతకల్లు డిపో వైపు పెట్రోలు ట్యాంకర్ గురించి తక్కువమంది ఆలోచిస్తారు. డిపోలో లోడింగ్, బంకులో అన్‌లోడింగ్ ఎక్కువగా పగలే కాబట్టి రాత్రులు మిగులుతాయి. దీనికి మూడు రోజుల శిక్షణ తీసుకుని, లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ (అనుమతి ముద్ర) వేయించుకోవాలి. మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఐదేళ్ళు చెల్లితే ఇది మూడేళ్ళే, రెన్యువల్‌కు ఒక రోజు శిక్షణ ఉంటుంది. బంకులో డిప్ (కర్ర ముంచి చూసే కొలత) తక్కువొస్తే ఆ తేడా జీతంలో కోస్తారా అన్నది మాత్రం చేరకముందే తేలాలి. శిక్షణకు పెట్టే మూడు రోజులు వృథా పోవు, ఈ ఎండార్స్‌మెంట్ ఉన్నవాళ్ళు తక్కువ కాబట్టి బేరమాడే బలం డ్రైవర్‌కు వస్తుంది.

ఏ పనైనా ఒప్పుకునే ముందు బండి నంబరు సర్కారు యాప్ ఎం పరివాహన్‌లో కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, చలాన్లు చూడండి. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా కావాలి. అసలు లైసెన్సు ఓనర్ దగ్గర పెట్టమంటే ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. పాలసీ కాగితం అడిగి, జీతానికున్న డ్రైవర్‌కూ క్లీనర్‌కూ కవర్ కట్టారో లేదో చదవండి. పాలసీలో కనిపించే 15 లక్షల ప్రమాద బీమా బండి ఓనర్ తానే తోలుతున్నప్పటికి మాత్రమే, జీతం డ్రైవర్‌కు అది రాదు.