చెట్టినాడు బంగళాలో బస: గది కోసమైతే వద్దు, ఇంటి కోసమైతే వెళ్ళండి

మదురై, రామేశ్వరం టూర్ వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి కారైక్కుడి అంటే దారిలో తగిలే ఒక ఊరు, అంతే. పిళ్ళైయార్‌పట్టి వినాయకుడికి దండం పెట్టుకుని, ఆత్తంగుడిలో రంగురంగుల ఇంట్లో నాలుగు ఫోటోలు దిగి, సాయంత్రానికి బండెక్కేస్తారు. టైమ్ లేనప్పుడు అదీ మంచిదే, కానీ చెట్టినాడు అని పిలిచే ఈ చుట్టుపక్కల ఊళ్ళలో చెట్టియార్ వ్యాపారులు కట్టుకున్న ఆ ఇళ్ళ సంగతి తెలియాలంటే వాటిలో ఒక రాత్రయినా పడుకోవాలి. పాత బంగళాలు కొన్నిటిని హోటళ్ళుగా మార్చారు, దగ్గర్లోని కానాడుకాత్తాన్‌లో మేం దిగింది అలాంటి దాంట్లోనే. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే కంప్లయింట్లలో చాలావరకు ఆ ఒక్క హోటల్‌వి కావు, ఈ రకం ఇళ్ళకి పుట్టుకతో వచ్చినవి.

ముందు గది సంగతి. బుకింగ్ సైట్‌లో ఫోటోలన్నీ స్తంభాలు, దీపాలు, నిలువెత్తు తలుపులు, చూస్తే రాజమహల్లో పడుకోబోతున్నాం అనిపిస్తుంది. తీరా తలుపు తీస్తే గది చిన్నది, ఉన్న ఒక్క కిటికీ లోపలి వసారాలోకి తెరుచుకుంటుంది, పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. బాత్రూమ్ ఎప్పుడో తర్వాత ఒక మూల ఇరికించినట్టు తెలుస్తూనే ఉంది, ఏసీ రాత్రంతా గురక పెట్టింది, రేటు మాత్రం మదురైలో మంచి స్టార్ హోటల్ రేటు. "ఇంత పెద్ద ఇంట్లో మనకి స్టోర్ రూమ్ ఇచ్చారేంటండీ" అంది మా ఆవిడ.

ఆవిడ అన్నది దాదాపు నిజమే. మండువా చుట్టూ వరసగా ఉండే ఈ గదులు పడకగదులుగా కట్టినవి కావు. పెళ్ళయిన ప్రతి కొడుక్కీ ఒక గది కేటాయించేవారు, కోడలు తెచ్చుకున్న సారె సామాను, వెండి, బట్టలు అందులో దాచుకోవడానికి, పూజలూ శుభకార్యాలూ చేసుకోవడానికి. జనం తినడం, కబుర్లు చెప్పుకోవడం, లెక్కలు చూసుకోవడం, చాప పరుచుకుని నడుం వాల్చడం అన్నీ హాళ్ళలోనూ వసారాల్లోనూ అరుగుల మీదే. కాబట్టి మీరు కట్టే డబ్బు గదికి అనుకుంటే మండిపోతుంది, ఆ హాళ్ళకీ మండువాకీ అనుకుంటే గిట్టుబాటే. మేం రెండో రోజు నుంచి గదిలోకి పడుకోవడానికి తప్ప వెళ్ళలేదు.

ఇక ఇల్లు చెప్పాలంటే, వీధి గుమ్మం దగ్గర నిలబడితే గుమ్మం వెనక గుమ్మం, మండువా, మళ్ళీ గుమ్మం, ఇంకో మండువా, చివరికి వెనక వీధిలో ఎండ, అన్నీ ఒకే గీత మీద కనిపిస్తాయి. ముందు వీధి నుంచి వెనక వీధి దాకా ఒకటే ఇల్లు. మగవాళ్ళ వ్యాపారపు మాటలు ముందు హాల్లో, శుభకార్యాలు మొదటి మండువాలో, భోజనాలు రెండో దాంట్లో, వంటలు బాగా వెనక. కోనసీమ మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకి పద్ధతి కొత్త కాదు, సైజు చూసే కళ్ళు తిరుగుతాయి.

గోడల మీద చెయ్యి పెట్టి చూడండి. పాలరాయిలా చల్లగా, నున్నగా ఉంటాయి, కానీ పాలరాయి కాదు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి పూత మీద పూత వేసి రుద్దిన గోడలవి. స్తంభాలు బర్మా టేకు, చేతులు చుట్టేసినా అందనంత లావు. నేల కొన్ని చోట్ల ఇటలీ పాలరాయి, కొన్ని చోట్ల ఆత్తంగుడి పలకలు, అద్దాలు బెల్జియంవి. ఎండకి మాడిపోయే ప్రాంతం కాబట్టి వానచుక్క వదలకుండా కప్పు మీద నీళ్ళు రేకు గొట్టాల్లోంచి మండువాలోకి దిగేలా, అక్కడి నుంచి బావికో ఊరి చెరువుకో పోయేలా కట్టుకున్నారు. నాకైతే బెల్జియం అద్దాల కన్నా ఈ నీళ్ళ ఏర్పాటే ఎక్కువ నచ్చింది.

ఇంత డబ్బు ఎక్కడిదంటే సముద్రం అవతల నుంచి. నాట్టుకోట్టై చెట్టియార్లు, నగరత్తార్లు అని కూడా అంటారు, సిలోన్, మలయా, బర్మాల్లో వడ్డీ వ్యాపారం చేశారు. మన కోస్తా నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళి రేవులోనూ మిల్లుల్లోనూ కూలి చేసిన తాతల కథలు మనకి తెలుసు కదా, అదే బర్మాలో అదే కాలంలో వీళ్ళు వరి రైతులకి అప్పులిచ్చారు. 1930ల మాంద్యంలో ధరలు పడిపోయి రైతులు బాకీలు కట్టలేక భూములు వదులుకుంటే, దిగువ బర్మాలో ముఖ్యమైన వరి జిల్లాల్లో దాదాపు నాలుగో వంతు పొలం వీళ్ళ చేతికి వచ్చింది. ఇళ్ళని చూసి ముచ్చటపడేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుండాలి, మా గైడ్ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ 1937లో మొదలైనప్పుడు ఒకే రోజున కారైక్కుడి, మద్రాసు, రంగూన్‌లలో తలుపులు తెరిచిందంటే ఈ మూడు ఊళ్ళకీ ఎంత దగ్గర చుట్టరికమో చూడండి. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి రావడంతో అంతా తలకిందులైంది. పెద్ద ఇళ్ళు కట్టడం అక్కడితో దాదాపు ఆగిపోయింది.

అందుకే ఇప్పుడు వీధులకి వీధులు తాళాలు వేసి ఉంటాయి. ఒక్కో ఇంటికి మనవలు, మునిమనవలు కలిపి పదుల్లో వాటాదారులు, తలో దేశంలో ఉంటారు, పెళ్ళికో, కులదైవం పండగకో వచ్చి నాలుగు రోజులు దీపం పెట్టి వెళ్తారు. వాటాదారులకి పొత్తు కుదరని ఇళ్ళు కూలిపోయాయి, లేదా విప్పి అమ్మేశారు. కొన్ని ఇళ్ళ కాపలాదారు బతిమాలితే, చేతిలో ఏదైనా పెడితే ముందు హాలు వరకు చూపిస్తాడు. కానాడుకాత్తాన్‌లో రాజా అన్నామలై చెట్టియార్ ప్యాలెస్, చిదంబరంలో అన్నామలై యూనివర్సిటీ పెట్టింది ఆయనే, బయటి నుంచి చూడటమే. కారైక్కుడిలో వెయ్యి కిటికీల ఇల్లు కూడా అంతే, అదొక్కటే చూద్దామని ఎండలో ఆటో కట్టించుకుని వెళ్ళకండి. టికెట్ తీసుకుని హాయిగా లోపల తిరగగలిగేది ఆత్తంగుడి ప్యాలెస్, అందుకే అక్కడ సెల్ఫీల గోల. పొద్దున్నే తెరవగానే వెళ్ళండి.

ఆత్తంగుడిలో పలకలు చేసే షెడ్డు ప్యాలెస్ కన్నా ముఖ్యం. ముందు ఒక గాజు పలక, దాని మీద చట్రం, చట్రంలో డిజైన్ గీతల ఇనుప అచ్చు. ఆ అరల్లో గరిటెతో రంగు కలిపిన సిమెంటు జారుగా పోస్తారు, ఎరుపు ఒక అరలో, పచ్చ ఒక అరలో, పక్క అరలోకి చుక్క పొంగదు. అచ్చు పైకి లాగేసి, పొడి సిమెంటు, ఇసుక చల్లి, దాని మీద తడి సిమెంటు వేసి తాపీతో అదుముతారు. ఆరాక నీళ్ళ తొట్టిలో రోజుల తరబడి నానబెడతారు, ఆ తర్వాత గాజు ఊడి వస్తే అడుగున ఉన్న ముఖం మెరుస్తూ బయటపడుతుంది. పాలిష్ మెషీన్ లేదు, ఏమీ లేదు, ఆ మెరుపు గాజుదే. మా ముందే ఒకాయన ఫోన్ చెవికి ఆనించుకుని ఎవరితోనో పోట్లాడుతూ పువ్వు డిజైన్ పోశాడు, గీత చెదరలేదు. కొనాలనుకుంటే నాలుగు ఎక్కువే కొనండి, దారిలో పగులుతాయి, పైగా తర్వాతి బ్యాచ్‌లో అదే రంగు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

గుళ్ళ విషయానికొస్తే, పిళ్ళైయార్‌పట్టి కర్పగ వినాయకుడు కొండ తొలిచి చెక్కిన విగ్రహం, రెండే చేతులు, తొండం కుడివైపు, ఉత్తరముఖం. చవితి రోజుల్లో మాత్రం జనం తోసుకుంటారు, ఆ రోజు తప్పించుకోండి. మధ్యాహ్నం గుళ్ళన్నీ మూసేస్తారని మర్చిపోవద్దు, ఆ టైమ్ భోజనానికి పెట్టుకోండి. నగరత్తార్లకి ఇలాంటి గుళ్ళు మొత్తం తొమ్మిది, ప్రతి కుటుంబం వాటిలో ఒకదానికి చెందుతుంది, ఒకే గుడివాళ్ళు అన్నదమ్ముల లెక్క కాబట్టి మామూలుగా సంబంధాలు కలుపుకోరు, మన గోత్రాల్లాగే. వాటిలో వైరవన్‌పట్టి చాలా ప్రశాంతంగా ఉంది, శిల్పాలు తీరిగ్గా చూడొచ్చు. తిరుమయం కూడా కలుపుకోండి, 1687 నాటి కోట, కిందే ఒకే కొండని తొలిచిన శివాలయం, విష్ణు ఆలయం పక్కపక్కనే. అక్కడ కొండ రాతి మీదే చెక్కిన శయన మూర్తిని చూస్తూ మా అబ్బాయి కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు, అది మామూలు విషయం కాదు.

తిండి. మన ఊళ్ళో "చెట్టినాడ్ చికెన్" అని ఎర్రటి నూనెలో తేలే కూర ఒకటి వడ్డిస్తారే, దాన్ని మర్చిపోండి. ఇక్కడ ఘాటు మిరియాలది, సోంపుది, రాతిపువ్వు, మరాఠీ మొగ్గ, అనాసపువ్వులది. కారం మనకి చప్పగానే అనిపిస్తుంది, కానీ రెండో ముద్దకి మసాలా తెలుస్తుంది. టిఫిన్లలో గుంత పొంగనాలు మనవే, తెల్ల పణియారం మాత్రం కొత్త, బయట కరకర, లోపల మెత్తన, కారం పచ్చడితో తింటే ఆపలేం. నల్ల బియ్యంతో చేసే కవునరిసి తీపి కూడా తప్పకుండా అడగండి. మా బంగళాలో అరిటాకు భోజనం తలకి వెయ్యి దాటింది, రుచికి వంక పెట్టలేను, కానీ పరదేశీ టూరిస్టుల కోసమేమో ఘాటు తగ్గించేశారు, పైగా రెండోసారి అడిగితే తప్ప వడ్డించలేదు. కారైక్కుడి బస్టాండు వైపు ఒక మెస్‌లో అందులో నాలుగో వంతుకి తిన్న భోజనమే మాకు నచ్చింది.

మునీశ్వరన్ కోవిల్ వీధిలో పాత సామాన్ల షాపులు చూస్తుంటే సరదాగానూ ఉంటుంది, మనసు చివుక్కుమంటుంది కూడా. కూల్చిన ఇళ్ళ తలుపులు, స్తంభాలు, బర్మా లక్క డబ్బాలు, ఎనామిల్ గిన్నెలు, రవివర్మ పటాలు గుట్టలుగా ఉంటాయి. "పాతది" అన్నదంతా పాతది కాదు, కొత్తగా చేసి మురికి పట్టించినవి బోలెడు. మా డ్రైవర్ తనకి తెలిసిన షాపుకే తీసుకెళ్తానని పట్టుబట్టాడు, అక్కడ చెప్పిన ఇత్తడి చెంబు ధర పక్క షాపులో సగం. చీరల విషయంలో ఇంత బాధ లేదు, కండాంగి కాటన్ చీరలకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, పెద్ద గళ్ళు, వెడల్పు అంచు, గట్టి నేత. మా అత్తగారికి తెచ్చిన ఆవాలరంగు చీరకి వీధిలో ఇంకా వాకబులు వస్తున్నాయి.

వెళ్ళడానికి తిరుచ్చి, మదురై రెండూ దాదాపు ఒకే దూరం, ఇంచుమించు తొంభై కిలోమీటర్లు. చెన్నై ఎగ్మోర్ నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా కారైక్కుడికే వస్తుంది, అదే సుఖం. ఊళ్ళ మధ్య ఆటోలు దొరకడం కష్టం, కారు రోజంతా మాట్లాడుకోండి, హిందీ పనికి రాదు, నాలుగు తమిళ ముక్కలు నేర్చుకుంటే తాళాలు కూడా తెరుచుకుంటాయి. బంగళాలో దిగుతామంటే బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి మేడ మీద గది, బయటికి కిటికీ ఉన్నది అడగండి, అలాంటివి ఒకటో రెండో ఉంటాయి, అడిగినవాళ్ళకే ఇస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే మాత్రం కారైక్కుడిలో మామూలు లిఫ్ట్ హోటల్ తీసుకుని పగలు ఇళ్ళు చూసి రండి, ఈ గడపలు, మెట్లు చాలా ఎత్తు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలు వద్దు, మండువాలో కాలు పెట్టలేరు.