స్టూడియో ఫొటోలకి ఆర్‌సింక్ మేలా, సింక్‌థింగ్ మేలా?

మా బావ ఫొటో స్టూడియో శ్రీకాకుళంలో. ఆ పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేది విజయనగరంలో నేను. ముహూర్తాల రోజుల్లో పెన్‌డ్రైవ్ బస్సులో పంపించడం పెద్ద టెన్షన్. అందుకని స్టూడియోలోని పాత కంప్యూటర్‌కి డెబియన్ (ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి సర్వర్ చేశాం. దానికి మానిటర్ లేదు. ఏం చేయాలన్నా ఇక్కడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లోనే, అంటే దూరం నుంచి భద్రంగా లాగిన్ అయి కమాండ్లు ఇచ్చే పద్ధతిలోనే.

మొదట ఆర్‌సింక్ వాడాను, మారిన ఫైళ్లని మాత్రమే కాపీ చేసే కమాండ్ అది. 1996 నాటిదైనా ఇప్పటికీ గట్టి పనిముట్టే. రెండు వైపులా ఆర్‌సింక్ ఉండి, ఎస్‌ఎస్‌హెచ్ కలిస్తే చాలు, వేరే పోర్టు (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు గల ద్వారం) తెరవక్కర్లేదు. కానీ అది ఒకవైపు నుంచి ఇంకోవైపుకి కాపీ చేసేదే. అక్కడ తీసేసినవి ఇక్కడా పోవాలని నేను డిలీట్ ఆప్షన్ పెట్టుకున్నాను. ఓ రోజు స్టూడియోలో కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేచింది గానీ ఫొటోల డ్రైవ్ మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్‌కి కలవలేదు. ఖాళీ ఫోల్డర్‌ని చూసి ఆర్‌సింక్ నా దగ్గరున్నదంతా ఊడ్చేసింది. ఫొటోలు డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి. అదే ఫోల్డర్‌లో, చివరిసారి ఆర్‌సింక్ నడిపాక నేను చేసిన ఆల్బమ్ పేజీలు మాత్రం తిరిగి రాలేదు. అవి స్టూడియో వైపు లేవు కాబట్టి, డ్రైవ్ మౌంట్ అయి ఉన్నా డిలీట్ ఆప్షన్ వాటిని తీసేసేదే. ముందు మైనస్ ఎన్, మైనస్ వి (-n -v) పెట్టి నడిపి ఉంటే, ఏదీ చెరపకుండా ఏ ఫైళ్లు పోతాయో వరసగా చూపించేది.

సింక్‌థింగ్ అనేది రెండు కంప్యూటర్లలోని ఫోల్డర్‌ని ఒకేలా ఉంచే ఉచిత ప్రోగ్రామ్, మార్పులు రెండువైపులా చూసుకుంటుంది. ఒకే ఫైలు ఇద్దరం మారిస్తే రెండో కాపీని వేరే పేరుతో ఉంచుతుంది. బయటి నుంచి నేరుగా చేరే పబ్లిక్ ఐపీ అడ్రసు లేకపోయినా రిలే (మధ్యలో డేటా అందించే సర్వర్) ద్వారా నడుస్తుంది, కాస్త నెమ్మదిగా. దాని సెట్టింగుల పేజీ 8384 పోర్టులో ఆ కంప్యూటర్‌కే కనిపిస్తుంది. దూరం నుంచి చూడాలని ఆ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవొద్దు. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్ లోపలి నుంచే ఆ పోర్టుకి దారి) వేసుకుంటే మన బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పాత వెర్షన్లు దాచే సెట్టింగ్ మనమే ఆన్ చేసుకోవాలి. లేదంటే ఒకచోట చెరిపింది రెండోచోటా పోతుంది.

నెక్స్ట్‌క్లౌడ్ (సొంత సర్వర్‌లో నడుపుకునే గూగుల్ డ్రైవ్ లాంటిది) కస్టమర్‌కి ఫొటోలు చూపించడానికి బాగుంటుంది. ఇద్దరి పనికి వెబ్ సర్వర్, డేటాబేస్ సాకడం దండగ.

రోజూ ఇద్దరూ చెయ్యి పెట్టే ఫోల్డర్‌కి నా ఓటు సింక్‌థింగ్‌కే. రాత్రి వేరే డిస్కుకి కాపీ తీయడానికి ఆర్‌సింక్, అదీ డిలీట్ లేకుండా. ఏది పెట్టుకున్నా, ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని అడ్డుకునేది) ఆన్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 పోర్టుకి అనుమతి ఇవ్వండి, లేదంటే దూరం నుంచి లాగిన్ కాలేరు. ఆన్ చేశాక ఉన్న విండో మూయకుండా, ఇంకో విండోలో మళ్లీ లాగిన్ అయి చూసుకోండి.