కళ్లు పొడిబారితే ఏ చుక్కలు మేలు?

సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) చుక్కలు వేసుకోవాలా, హైలురోనేట్ చుక్కలు వేసుకోవాలా? పక్కింటివాళ్లకు హాయిగా ఉన్న మందు నాకెందుకు మండుతోంది? చేపనూనె మాత్రలు మింగితే చుక్కలు మానేయొచ్చా? పొడికళ్ల గురించి అడిగేవాళ్లు తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతారు. మొదటిదానికి జవాబు చాలామందికి రుచించదు. ఆ రెంటిలో ఏది వేసుకున్నా తేడా కొద్దిపాటిదే. అసలు తేడా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో, ‘ప్రిజర్వేటివ్’ (సీసాలో క్రిములు పెరగకుండా కలిపే రసాయనం) అనే లైనులో ఉంటుంది.

ముందు మందుల సంగతి చూద్దాం. షాపులో అడగ్గానే చేతిలో పెట్టేది సీఎంసీ 0.5 శాతం. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర) పైపొరకు బాగానే అంటుకుని ఉంటుంది. సోడియం హైలురోనేట్ 0.1, 0.18 శాతాల్లో వస్తుంది. రెప్ప ఆర్పినప్పుడు పల్చబడి, కన్ను తెరిచి ఉన్నంతసేపూ చిక్కగా నిలవడం దాని గుణం. అందుకే మసక తక్కువ. సిస్టేన్ అల్ట్రా అనే బ్రాండు చుక్కల్లో పాలిఇథిలీన్ గ్లైకాల్ 0.4, ప్రొపిలీన్ గ్లైకాల్ 0.3 శాతం ఉంటాయి. వాటికి తోడుగా గోరుచిక్కుడు గింజల జిగురు నుంచి తయారుచేసిన పదార్థం ఒకటి. మనం కూర వండుకునే గోరుచిక్కుడే! అది కన్నీటిలో కలవగానే చిక్కబడి, మందును కంటి మీద పట్టి ఉంచుతుంది. హెచ్‌పీఎంసీ పాతకాలపు మందు, ఎండిపోయి రెప్పల అంచున తెల్లగా పేరుకుంటుంది. పాలివినైల్ ఆల్కహాల్ నీళ్లలా జారిపోతుంది, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

షాపులో దొరికే కృత్రిమ కన్నీళ్ల మీద జరిగిన 43 ప్రయోగాలను 2016లో, వైద్య ప్రయోగాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట పెట్టి చూసింది. చాలావరకు పనిచేస్తాయనిపించింది కానీ, ఫలానాదే గొప్పదని తేల్చలేకపోయింది. నా మొగ్గు హైలురోనేట్ వైపే. అయితే ప్రిజర్వేటివ్ లేని సీఎంసీ ఒకపక్క, బెంజాల్కోనియం అనే ప్రిజర్వేటివ్ కలిపిన హైలురోనేట్ ఇంకోపక్క ఉంటే, ఆలోచించకుండా సీఎంసీయే తీసుకోమంటాను.

ఎందుకంటే బెంజాల్కోనియం క్లోరైడ్‌ది సబ్బు స్వభావం. బ్యాక్టీరియా పొరను చీల్చే ఆ గుణమే కన్నీటి మీద తేలే నూనె పొరనూ చెదరగొడుతుంది, కార్నియా పైకణాలనూ దెబ్బతీస్తుంది. కంటి కలకకు వారం రోజులు వేసుకుని మానేసే మందులో అది ఉన్నా ఫర్వాలేదు. పొడికళ్ల మందు అలా కాదు, నెలలు, ఏళ్లు వాడేది. మండుతోందని చుక్క వేస్తారు, కాసేపు హాయి, గంటలో మళ్లీ మంట, మళ్లీ చుక్క. పక్కింటివాళ్లు రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నారు, మీరు ఎనిమిదిసార్లు. మందు ఒకటే అయినా కంటికి చేరే రసాయనం నాలుగింతలు. గ్లకోమా మందులు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. లటానోప్రోస్ట్ చుక్కలు చాలావాటిలో ఇదే రసాయనం 0.02 శాతం ఉంటుంది. దాని మీద పొడికళ్ల చుక్కల్లోనూ అదే అయితే కంటికి రెట్టింపు దెబ్బ. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు ఈ రసాయనాన్ని పీల్చుకుని దాచుకుంటాయి కూడా. లెన్సు తీసి చుక్క వేసి, కనీసం 15 నిమిషాలాగి పెట్టుకోవాలి.

లేబుల్ మీద ‘స్టెబిలైజ్డ్ ఆక్సీక్లోరో కాంప్లెక్స్’ అనో ‘సోడియం పర్‌బోరేట్’ అనో ఉంటే నయం. అవి కంటిలో పడ్డాక విడిపోయి ఉప్పుగా, నీరుగా, ఆక్సిజన్‌గా మారేవి. పాలిక్వాటర్నియం కూడా బెంజాల్కోనియం కంటే నెమ్మదైనదే. వీటిని రోజుకు నాలుగుసార్ల దాకా చాలామంది కళ్లు తట్టుకుంటాయి. నాలుగు దాటిందంటే ప్రిజర్వేటివ్ అసలే లేని మందుకు మారాలి.

అది రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి, తల తుంచి వాడే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు. ఒక్కోదాంట్లో సుమారు 0.4 మిల్లీలీటర్లు, అంటే పది చుక్కల దాకా. తుంచిన చోట ప్లాస్టిక్ తునకలుంటాయి కాబట్టి మొదటి చుక్క పారబోయాలి. మిగిలింది మళ్లీ వాడొచ్చా అన్నది లేబుల్ చూసుకోండి. కొన్ని 12 గంటలు ఒప్పుకుంటాయి, కొన్ని వెంటనే పడేయమంటాయి. ఏదైనా రేపటికి మాత్రం ఉంచొద్దు. రెండోది, గాలి, క్రిములు వెనక్కి పోకుండా మూతి దగ్గర వాల్వ్ ఉన్న సీసా. తెరిచాక కొన్ని నెలలు ఉంటుంది. చిక్కల్లా అది గట్టిగా నొక్కితేనే చుక్క రావడం. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు గొట్టాలే సులువు.

వాల్వ్ లేని మామూలు సీసా మీద ‘ప్రిజర్వేటివ్ ఫ్రీ’ అని ఉంటే కొనకండి. 2023లో అమెరికాలో మందులకు లొంగని సూడోమోనాస్ బ్యాక్టీరియా 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. నలుగురు చనిపోయారు, 14 మంది చూపు పోగొట్టుకున్నారు. దానికి ముడిపడిన కృత్రిమ కన్నీళ్లు చెన్నైలో తయారైనవి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎత్తిచూపిన లోపాల్లో, సరిపడా ప్రిజర్వేటివ్ లేకుండా పలుమార్లు వాడే సీసాల్లో నింపడం ఒకటి.

సరే, మంచి చుక్కలే వేస్తున్నా ఐదు నిమిషాలకే మళ్లీ మొదటికొస్తోందా? అప్పుడు లోటు నీటిది కాదు, నూనెది. రెప్పల అంచున ఉండే మీబోమియన్ గ్రంథులు మూసుకుపోతే కన్నీరు నిలవకుండా ఆవిరైపోతుంది. పొద్దున్నే రెప్పలు అంటుకుని ఉండడం, అంచులు ఎర్రగా, నురగగా ఉండడం, గాలి తగలగానే బొటబొటా నీళ్లు కారడం దీని ఆనవాళ్లు. ‘నీళ్లు కారుతుంటే పొడికళ్లంటారేంటి’ అని అడుగుతారు గానీ, ఆ నీళ్లు మంటకు ఊరేవి, కంటిని పట్టుకుని ఉండవు. ఇక్కడ నూనె కలిసిన చుక్కలు, ఉదాహరణకు సిస్టేన్ కంప్లీట్ వంటివి, మామూలువాటికంటే మెరుగు. వాటికంటే మెరుగైంది కాపడం. 40 డిగ్రీలు దాటిన వెచ్చటి తడిగుడ్డ, పది నిమిషాలు. అందరూ పొరబడేది ఇక్కడే, గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. నాలుగైదు గుడ్డలు ఒకదానిలో ఒకటి చుట్టి తడిపి వేడిచేసి, పైది చల్లారగానే లోపలిది తీసి వేసుకోవాలి. ఆ వెంటనే పైరెప్పను కిందికి, కిందిరెప్పను పైకి మెల్లగా నిమరాలి.

రాత్రికి సీఎంసీ 1 శాతం జెల్ చాలు. పగలు వేసుకుంటే పావుగంట మసకే. పారఫిన్ ఆయింట్‌మెంట్ నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోనివాళ్లకే.

ఇక మాత్రలు. 2018లో వెలువడిన డ్రీమ్ ప్రయోగంలో పొడికళ్లున్న 535 మందిలో కొందరికి రోజూ 3000 మిల్లీగ్రాముల ఒమేగా-3 (చేపనూనెలో ఉండే కొవ్వు), మిగతావాళ్లకు ఆలివ్ నూనె ఏడాదిపాటు ఇచ్చారు. రెండు వర్గాలకూ బాధ తగ్గింది, ఇంచుమించు సమానంగా! మన షాపుల్లో దొరికే మామూలు 1000 మిల్లీగ్రాముల చేపనూనె మాత్రలో ఒమేగా-3 రకాలైన ఈపీఏ 180, డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే ఉంటాయి. ప్రయోగంలోని మోతాదుకు అవి రోజుకు పది మింగాలి. ఆ డబ్బుతో కవళ్లో కానాగంతలో తెచ్చుకుని పులుసు పెట్టుకోవడం మేలు. అవిసెగింజల్లోని ఒమేగా-3 ఒంట్లో ఈపీఏగా మారేది చాలా కొంచెం. విటమిన్ ఎ మాత్రలు ఆ విటమిన్ లోపం ఉన్నవాళ్లకు మాత్రమే పనిచేస్తాయి, ఊరికే మింగితే కాలేయానికి చేటు, గర్భిణులైతే అసలు ముట్టుకోకూడదు. మాత్రలు కలపడం కంటే, ఇప్పటికే మింగుతున్నవి చూసుకోవడం లాభం. జలుబుకు వేసుకునే సెట్రిజిన్, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ రెండూ కళ్లను ఎండబెడతాయి.

మళ్లీ చుక్కల్లోకొస్తే, సైక్లోస్పోరిన్ డాక్టరు రాసేది. గుణం కనబడడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మొదట్లో మండుతుంది. చాలామంది మూడోవారంలోనే మానేస్తారు. ఎరుపు పోగొట్టే నాఫజోలిన్ చుక్కలు పొడికళ్లకు మందే కాదు, మానగానే ఎరుపు రెట్టింపవుతుంది. షాపువాడు ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలతో హాయి త్వరగానే వస్తుంది, వెనకే కంటిలో ఒత్తిడి, శుక్లం రావొచ్చు. ఆముదం కొన్ని కంపెనీ చుక్కల్లో ఉన్నమాట నిజమే, వంటింటి సీసాలోని ఆముదానికి ఆ శుద్ధి లేదు. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లగానే ఉంటాయి, తొడిమ పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి.

వేసుకునేటప్పుడు కిందిరెప్పను లాగి, ఆ జేబులో ఒక్కటే చుక్క. చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లుంటే, కంట్లో పట్టేది 30కి మించదు, కాబట్టి రెండోది చెంప మీదికే. వేరే మందు కూడా ఉంటే ఐదు నిమిషాల ఎడం, జెల్ అన్నిటికంటే చివర. 10 మిల్లీలీటర్ల సీసాను రెండు కళ్లకూ నాలుగుసార్ల చొప్పున వాడితే సుమారు నెలకొస్తుంది. తెరిచాక మామూలు సీసాను ఉంచాల్సిందీ నెలే. రెండో నెలకీ బాగా మిగిలిందంటే వేయడం మరిచిపోతున్నట్టు.

సైక్లోస్పోరిన్ తప్ప ఏ మందైనా నాలుగు వారాలు, ఒక్కదాన్నే మార్చి చూడండి. చుక్కలూ కాపడమూ మాత్రలూ ఒకేరోజు మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఒక్క కంటికే బాధ ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా, నోరు ఎండిపోతూ కీళ్లనొప్పులున్నా మాత్రం ఆ నాలుగు వారాలు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి.